దిగే చోటుకు ఒక కాగితం

పదిహేనేళ్ల కిందటి మాట. డెల్టాలో ఒక మండల కేంద్రం, అక్కడి జూనియర్ కాలేజీ మైదానం. మధ్యాహ్నం ఒక పెద్దాయన హెలికాప్టరులో వస్తున్నారని తెల్లవారుజాము నుంచే హడావుడి. ఒకరు మేకు దగ్గర తాడు పట్టుకుంటే ఇంకొకరు తాడు చివరి నుంచి సున్నం పోసుకుంటూ వలయం తిప్పారు. వలయం మధ్యలో హెచ్ అక్షరం. దుమ్ము లేవకుండా ట్యాంకరు రెండుసార్లు నీళ్లు చల్లి వెళ్లింది. గోల్ పోస్టులు పీకి గోడకు ఆనించారు. సర్వే పని తెలిసినవాణ్ని కాబట్టి ముందు రోజే ఆ మేకు పాతిన చోట నిలబడి అక్షాంశం, రేఖాంశం తీసి ఇచ్చాను. అక్షాంశం 16 డిగ్రీల 30 నిమిషాల 45 సెకన్లు అని నా చేత్తోనే రాశాను. ఆ కాగితం నాలుగు చేతులు మారి, టైపు అయ్యేసరికి 16.30.45 అయింది.

హెలికాప్టరు చెప్పిన సమయానికే వచ్చింది. కానీ మా మీదికి రాలేదు. దక్షిణాన పొలాల అవతల, ఒక రైస్ మిల్లు మీద తిరగడం మొదలుపెట్టింది. మిల్లు ఆవరణలో ధాన్యం ఆరబోసి ఉంది, పక్కనే కరెంటు తీగలు. ఎవరో పరుగెత్తి పొగ డబ్బా వెలిగించారు. రెండో చుట్టులో పైలట్ పొగ చూసి ఇటు తిరిగాడు. దిగాక జేబులోంచి మేం పంపిన కాగితం తీసి అడిగాడు: “ఈ 45 సెకన్లా, నిమిషంలో వందో వంతులా?”

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. 45 సెకన్లంటే 0.75 నిమిషం. ఆయన యంత్రం దాన్ని 0.45 నిమిషంగా తీసుకుంది. తేడా 0.30 నిమిషం. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1,852 మీటర్లు. అంటే 556 మీటర్లు దక్షిణానికి జరిగిపోయింది మా మైదానం. అవే అంకెల్ని ఎవరైనా 16.3045 డిగ్రీలుగా చదివి ఉంటే తేడా 23 కిలోమీటర్లు. ఒక్క చుక్క ఎక్కడ పెట్టారన్నదాని మీద ఇంత ఉంది. తప్పులో నా వాటా నాకు తెలుసు. పైలట్‌కు ఏ పద్ధతిలో కావాలో నేను అడగలేదు. అడగాలని నాకు తోచలేదు, ఎందుకంటే నింపి ఇవ్వమని ఒక ఫారం ఎవరూ చేతికివ్వలేదు.

అప్పటి నుంచి హెలికాప్టరు దిగే చోట్లకు మిగతా దేశాలవాళ్లు కాగితం ఎలా తయారుచేసుకుంటారో వెతికి చదవడం నాకు అలవాటైంది.

మొదట చెప్పాల్సింది, ఇది కొత్త సమస్య కాదు. విమాన పటాల కోసం అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1948లోనే ఒక ప్రత్యేక అనుబంధాన్ని ఆమోదించింది. దాని పేరు అనెక్స్ 4. ఇప్పుడు అందులో 21 రకాల పటాలకు కొలమానాలున్నాయి. వాటిలో ఒకటి విమానాశ్రయానికీ, హెలిపోర్టుకూ కలిపి చెప్పిన పటం. దిగే చోటు నేల మీదా, కట్టడం పైనా, సముద్రంలో డెక్ మీదా, దాని పొడవు వెడల్పులు, వాలు, ఎన్ని టన్నులు మోస్తుంది, చుట్టూ ఉన్న అడ్డంకులు, ఇవన్నీ అందులో చూపించాలి. అనెక్స్ 14లో హెలిపోర్టుల కోసమే రెండో సంపుటం 1990లో వచ్చింది. 1998 జనవరి 1 నుంచి అక్షాంశ రేఖాంశాలన్నీ డబ్ల్యూజీఎస్-84 అనే ఒకే భూనమూనా మీద ఇవ్వాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. పటాల్లో ముఖ్యమైన మార్పులు 28 రోజులకోసారి, ప్రపంచమంతా ఒకే తేదీన అమల్లోకి వస్తాయి. ఈ నియమాలు మన దేశానికీ వర్తిస్తాయి, మన పెద్ద విమానాశ్రయాల పటాలు వాటి ప్రకారమే ఉంటాయి. చిక్కంతా విమానాశ్రయం గేటు దాటాక, కాలేజీ మైదానాల దగ్గర, కొండ ఊళ్ల దగ్గర మొదలవుతుంది.

అలాంటి చోట్లను ఒక పద్ధతిలోకి తేవడంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఉత్తర సముద్రం. బ్రిటన్, నార్వేల మధ్య చమురు బావుల మీద ఇనుప వేదికలున్నాయి. స్కాట్లాండ్‌లోని ఆబర్డీన్ నుంచి కార్మికులు హెలికాప్టర్లలో వాటి మీదికి వెళ్లి వస్తుంటారు. అక్కడ వాన, గాలి, మంచు తెర మామూలు. పైనుంచి చూస్తే ఒక వేదిక ఇంకో వేదికలాగే ఉంటుంది. ఒక దాని మీద దిగాల్సిన హెలికాప్టరు పక్కదాని మీద దిగడం అక్కడ ఊహించుకున్న ప్రమాదం కాదు, నిజంగా జరిగినవి ఉన్నాయి. తప్పు డెక్ మీద దిగితే అక్కడ మంటలార్పేవాళ్లు సిద్ధంగా ఉండరు, క్రేను తిరుగుతూ ఉండొచ్చు, గ్యాసు వదులుతూ ఉండొచ్చు.

బ్రిటన్ పౌర విమానయాన అధికారులు ఈ డెక్కుల కోసం క్యాప్ 437 అనే ప్రమాణ గ్రంథాన్ని మొదట 1981లో వెలువరించారు. అప్పటి నుంచి అది కూర్పు తరవాత కూర్పుగా మారుతూ వస్తోంది. ప్రతి డెక్‌నూ చూసి ధ్రువపత్రం ఇవ్వడానికి హెలిడెక్ సర్టిఫికేషన్ ఏజెన్సీ అని వేరే సంస్థ ఉంది. చూసిన ప్రతి డెక్‌కూ ఒక సమాచార పత్రం ఉంటుంది. వాళ్లు దాన్ని ప్లేట్ అంటారు. నేను అసూయపడేది ఆ ప్లేట్‌ను చూసే. వేదిక పేరు, రేడియోలో పిలవాల్సిన పేరు, సముద్రమట్టం నుంచి డెక్ ఎత్తు, వేదికలో అన్నిటికన్నా ఎత్తైన భాగం ఎంత, ఇంధనం దొరుకుతుందా లేదా, చుట్టుపక్కల ఏ అడ్డంకులున్నాయి, చివరిసారి ఎప్పుడు పరిశీలించారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. ఏ డెక్ ప్లేట్ తీసినా ఎత్తు ఎక్కడ రాసి ఉంటుందో పైలట్ కంటికి ముందే తెలుసు. గాలివానలో, చేతులు ఖాళీ లేనప్పుడు, వెతకాల్సిన పని లేకపోవడమే ప్రమాణీకరణ అంటే.

ఇంకో సంగతి. కాగితం మీద ఉన్నదే డెక్ మీద కూడా రాసి ఉంటుంది. రెక్కలు తిరుగుతుండగా హెలికాప్టరు ముందు కొస నుంచి వెనక కొస దాకా ఉన్న పొడవును డీ విలువ అంటారు. ఎస్-92 అనే పెద్ద హెలికాప్టరుకు అది 20.88 మీటర్లు. అంత హెలికాప్టరు దిగగల డెక్ అంచున 21 అని రాస్తారు. 16 అని రాసి ఉన్న డెక్ మీదికి ఎస్-92 పైలట్ దిగబోడు. మోయగల బరువు టన్నుల్లో, దశాంశం దాకా రాసి పక్కన చిన్న టీ పెడతారు. 9.3టీ అంటే 9,300 కిలోలు. చుట్టూ 360 డిగ్రీల్లో కనీసం 210 డిగ్రీల మేర ఏ అడ్డంకీ ఉండకూడదు. ఆ ఖాళీ ఎటుందో చూపడానికి డెక్ అంచున నల్లని బాణపు మొన లాంటి గుర్తు వేస్తారు. వేదిక పేరు పెద్ద అక్షరాల్లో డెక్ మీదే ఉంటుంది. పైలట్ కాగితంలో చదివినదాన్ని దిగే ముందు కంటితో సరిపోల్చుకుంటాడు. రెండూ కలవకపోతే దిగడు.

మా మైదానంలో మేం గీసిన హెచ్ ఏ దిక్కుకు చూస్తోందో ఎవరూ ఆలోచించలేదు. సభా వేదిక ఎటుందో అటు తిరిగి ఉండేలా గీశారు. చూసేవాళ్లకు అందంగా ఉంటుందని. అది దిగేవాడితో మాట్లాడే అక్షరమని నాకూ అప్పుడు తెలియదు.

వాళ్ల ప్లేట్‌లో నన్ను ఆలోచింపజేసిన భాగం ఇంకొకటుంది. లోపాల గడి. ఫలానా మూల ఒక స్తంభం నిబంధన కన్నా ఎత్తుగా ఉంది, ఫలానా దిక్కు నుంచి గాలి వీస్తుంటే బరువు తగ్గించుకుని దిగాలి, క్రేను కొమ్ము కిందికి దించి ఉంచాలి, ఇలా ఆ డెక్‌కు ఉన్న లోపాలనూ వాటికి పెట్టిన హద్దులనూ రాస్తారు. ఇలాంటి పరిమితుల జాబితాను విడిగా కూడా నిర్వహిస్తారు. లోపం రాసినంత మాత్రాన ఆ డెక్ యజమానికి పరువు పోదు. లోపం దాస్తేనే పోతుంది. మన దగ్గర పైకి వెళ్లే నివేదికలో ఉండే వాక్యం ఒకటే: హెలిప్యాడ్ అన్ని విధాలా సిద్ధంగా ఉంది. నేనూ ఆ వాక్యం రాసినవాణ్నే. తూర్పు వైపు నలభై అడుగుల కొబ్బరిచెట్లు నాలుగు ఉన్నాయని రాస్తే, చెట్లు ఎందుకు కొట్టించలేదని అడుగుతారేమోనన్న భయం. పైలట్ అడిగేది మాత్రం చెట్లు కొట్టారా అని కాదు. ఎక్కడ, ఎంత ఎత్తు అని. మనం నివేదికను పై అధికారి కోసం రాస్తున్నాం, వాళ్లు పైలట్ కోసం రాస్తున్నారు. రెంటి మధ్య అసలు తేడా ఇక్కడే ఉందని నా నమ్మకం.

సముద్రంలో డబ్బున్న కంపెనీలు చేసే పని నేల మీద కుదురుతుందా అని ఎవరైనా అడగొచ్చు. దానికి జపాన్‌ను చూడాలి. అక్కడ డాక్టరును ఎక్కించుకుని రోగి దగ్గరికే వెళ్లే హెలికాప్టర్లున్నాయి. డాక్టర్ హెలి అంటారు. 2001లో పూర్తిస్థాయిలో మొదలైంది, 2007లో దానికోసం ప్రత్యేక చట్టం చేశారు, 2022కల్లా 47 ప్రాంతీయ ప్రభుత్వాల పరిధీ దాని కిందికి వచ్చింది. అది ఎక్కడ దిగుతుంది? బడి మైదానాల్లో, నదీ తీరపు ఆటస్థలాల్లో, పార్కింగ్ స్థలాల్లో. అంటే మనం దించే చోట్లలోనే. అగ్నిమాపక వాహనం ముందుగా వచ్చి దుమ్ము లేవకుండా నీళ్లు చల్లడం కూడా అచ్చంగా మన పద్ధతే. ఈ సంగతి చదివినప్పుడు మా ట్యాంకరు గుర్తుకొచ్చి నాకు సంతోషం కలిగింది.

అయితే అక్కడ ఆ మైదానం ముందే ఒప్పుకున్న చోటు. రాందేవూ పాయింట్ అంటారు, అంబులెన్సూ హెలికాప్టరూ కలుసుకునే చోటు. ప్రతిదానికీ పేరు, చిరునామా, పటంలో స్థానం నమోదై ఉంటాయి. ప్రమాదం జరిగిన చోట నుంచి ఫోన్ రాగానే అగ్నిమాపక కేంద్రంలో కూర్చున్న మనిషి దగ్గర్లోని పాయింట్ పేరు చెబుతాడు. ఆ పేరే అంబులెన్సుకు, బడికి, పైలట్‌కు వెళ్తుంది. అక్షాంశ రేఖాంశాలు ఫోన్‌లో చదివి వినిపించే పని లేదు. చుక్క తప్పిపోయే అవకాశమూ లేదు. ప్రాణం కాపాడటానికి దిగేటప్పుడు మామూలుగా తీసుకోవాల్సిన అనుమతి నుంచి మినహాయింపు ఉంది. భూకంపాల వంటి విపత్తుల్లో వేరే ఊరి నుంచి వచ్చిన పైలట్ కూడా దారి తెలుసుకునేలా చాలాచోట్ల బడుల పైకప్పుల మీద బడి పేరే పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది.

మనం ఒక సందర్భం కోసం హెలిప్యాడ్ తయారుచేస్తాం. మర్నాడు వర్షం పడితే సున్నం కొట్టుకుపోతుంది, దాంతో పాటే మనం సేకరించిన సమాచారమూ పోతుంది. మా మైదానంలోనే నాకు తెలిసి మూడుసార్లు హెలికాప్టర్లు దిగాయి. మూడుసార్లూ కొత్తగా కొలిచారు, చెట్లు కొత్తగా లెక్కపెట్టారు, గోల్ పోస్టులు కొత్తగా పీకారు. మొదటి కాగితం ఎవరి దగ్గరా లేదు. గోదావరి 2022 జులైలో భద్రాచలం దగ్గర 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరదలో కావాల్సింది ఆ పూట తాడు పట్టుకుని వలయం గీసే సమయం కాదు. మునగని చోట్లు ఏవి, వాటిలో ఎంత హెలికాప్టరు పడుతుంది, తీగలు ఎటున్నాయి అన్నది ముందే తెలిసి ఉండటం.

పరాయి దేశాల్లో అంతా సవ్యంగా ఉందని మాత్రం అనుకోకూడదు. పటాల విషయంలో అమెరికాకు ఎంత పేరుందో చెప్పనక్కర్లేదు. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, వాషింగ్టన్ వంటి నగరాలకు హెలికాప్టరు దారులు చూపే ప్రత్యేక పటాలే అచ్చువేస్తారు. ఆ వాషింగ్టన్‌లోనే 2025 జనవరి 29 రాత్రి సైనిక హెలికాప్టరూ ప్రయాణికుల విమానమూ పొటోమాక్ నది మీద ఢీకొని 67 మంది చనిపోయారు. అక్కడి రవాణా భద్రతా బోర్డు మార్చిలో బయటపెట్టిన విషయం చదివితే గుండె గుభేలుమంటుంది. నది తూర్పు ఒడ్డు మీదుగా అప్పట్లో పటంలో ఉన్న దారికి పై హద్దు 200 అడుగులు. ఆ ఎత్తున వెళ్లే హెలికాప్టరుకూ, ఒక రన్‌వేకు దిగే విమానానికీ మధ్య నిలువు ఎడం ఎక్కువలో ఎక్కువ 75 అడుగులే. రెండు దారులూ పటాల్లో ఉండేవి. రెంటినీ పక్కపక్కన పెట్టి ఎంత ఎడముందో చూసి సరిచేయడమే జరగలేదు. కాగితం చక్కగా అచ్చయినంత మాత్రాన సరిపోదు, దాన్ని మళ్లీ మళ్లీ ప్రశ్నించే మనిషి ఉండాలి. ఆ ప్రశ్నను వాళ్లు ప్రమాదం తరవాత బహిరంగంగా, అంకెలతో వేసుకున్నారు. అది కూడా మనం తీసుకోదగ్గదే.

మనవైపు చూస్తే 2025 మే 8 గుర్తుకొస్తుంది. ఉత్తరకాశీ జిల్లాలో చార్‌ధామ్ యాత్రికుల హెలికాప్టరు గంగనాని దగ్గర కూలి ఆరుగురు చనిపోయారు. వారిలో ఒకరు ఆంధ్రప్రదేశ్ మహిళ. అది రోడ్డు మీద దిగడానికి ప్రయత్నిస్తుండగా రోడ్డు వెంట పైన వేలాడుతున్న ఫైబర్ కేబుల్ రెక్కకు తగిలిందని ప్రమాద దర్యాప్తు బ్యూరో ప్రాథమిక నివేదికలో ఉంది. అది హెలిప్యాడ్ కాదు, విధిలేక ఎంచుకున్న చోటు. ఒక పటం ఉంటే ప్రమాదం తప్పేదని నేను అనను. కానీ కొండ లోయల్లో హెలికాప్టర్లు రోజూ తిరిగే దారుల్లో ఏ తీగ ఎక్కడ ఉందో ఒకచోట రాసి ఉండాలనడానికి ఇంతకన్నా కారణం ఏం కావాలి?

ఇక్కడ ఏమీ జరగడం లేదనడం కూడా అన్యాయమే. దిగే అనుమతుల కోసం కేంద్రం హెలిసేవ అనే పోర్టల్ తెచ్చింది. దాని ద్వారా దేశంలోని హెలిప్యాడ్ల వివరాలు ఒకచోట చేరడం మొదలైంది. జిల్లా యంత్రాంగాల కోసం హెలి దిశ అనే మార్గదర్శక పుస్తకం వచ్చింది. మన తీరంలో, కృష్ణా గోదావరి బేసిన్ రిగ్గులకు రాజమండ్రి నుంచి హెలికాప్టర్లు వెళ్తాయి. ఉత్తర సముద్రంలో ఉన్న డీ విలువ, టన్నుల అంకె, ఖాళీ దిక్కు, ఈ మాటలన్నీ ఆ పైలట్లకు కొత్త కాదు. సముద్రంలోకి నలభై యాభై కిలోమీటర్లు వెళ్తే ఉండే క్రమశిక్షణ మన మండల కేంద్రంలో ఎందుకు ఉండకూడదు?

కొలిచే చేతులకూ మనకు కొదవ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో భూముల రీసర్వే 2020 డిసెంబరులో మొదలైంది. డ్రోన్లు, రోవర్లు, వాటికి ఆధారమైన బేస్ స్టేషన్లు వచ్చాయి. పొలం గట్టును సెంటీమీటర్ల తేడాతో కొలవగల గ్రామ సర్వేయర్లు వేలమంది ఇప్పుడు మన సచివాలయాల్లో ఉన్నారు. పదిహేనేళ్ల కిందట నేను చేతిలో పట్టుకున్న యంత్రం కన్నా వాళ్ల దగ్గరున్నవి ఎన్నో రెట్లు మెరుగు. గుర్తుంటే, 2005లో హైదరాబాద్ నుంచి 108 మొదలైనప్పుడు ఏ మారుమూల నుంచి ఫోన్ చేసినా బండి వస్తుందంటే చాలామంది నమ్మలేదు. ఇప్పుడు అది రాకపోతే ఆశ్చర్యపోతున్నాం. పాడేరు, చింతూరు, రంపచోడవరం వంటి చోట్ల ఒక్కో మండలానికి రెండు మూడు మైదానాలు ఎంచి, 108 వాళ్ల జాబితాలోనే వాటి పేర్లు చేరిస్తే అదే మన రాందేవూ పాయింట్ల పట్టిక అవుతుంది. దీనికి కొత్త శాఖ అక్కర్లేదు. ఒక ఫారం ఖరారు చేసి, కొలిచే పని ఒక ఉద్యోగికి రాతపూర్వకంగా అప్పగిస్తే చాలు.

ఆ ఫారం ఎలా ఉండాలో నా చేత్తో ఒకటి గీసి చూశాను. ఈ సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు అదే కాలేజీ మైదానానికి వెళ్లాను. పైన మైదానం పేరు రాశాను. అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, సెకన్లుగా, అక్షరాల్లోనూ అంకెల్లోనూ రాసి, ఏ పద్ధతిలో ఉందో పక్కనే రాశాను. ఖాళీ స్థలం పొడవు వెడల్పులు టేపు పట్టి కొలిచాను. నేల ఇసుకమట్టి, వానాకాలంలో మెత్తబడుతుంది. తూర్పున కొబ్బరిచెట్లు నాలుగు ఉండేవి, ఇప్పుడు మూడే ఉన్నాయి. ఉత్తరాన అప్పట్లో లేని సెల్ టవరు ఒకటి లేచింది. పడమర ప్రహరీ వెంట కొత్తగా లైటు స్తంభాలు, వాటి మధ్య తీగ. దక్షిణం ఖాళీ. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాచ్‌మన్‌ను అడిగి ఆ గడీ నింపాను. లోపాల గడిలో టవరునూ తీగనూ మెత్తటి నేలనూ దాచకుండా రాశాను. ఒక ప్రతి ప్రిన్సిపాల్ గారికి, ఒకటి మండల ఆఫీసుకు ఇచ్చాను. అడుగున రెండు తేదీలు వేశాను, కొలిచిన రోజు ఒకటి, మళ్లీ కొలవాల్సిన రోజు ఒకటి.